ఫలశ్రుతి వేళకి వచ్చేవాళ్ళు

కథంతా అయిపోయాక, సరిగ్గా ఫలశ్రుతి మొదలయ్యే వేళకి చెంగు సర్దుకుంటూ లోపలికొచ్చే ఆడవాళ్ళంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మంట. కథలో ఎవరు ఏడ్చారో, ఎవరు పస్తు పడుకున్నారో వాళ్ళకి అక్కర్లేదు. కథ విన్నందుకు ఏం దక్కుతుందో చెప్పే ఆ చివరి మాటలు చెవిన పడితే చాలు. ఆ మాటలు వినేటప్పుడు గుప్పిట్లో అక్షింతలు ఉండాలి. అయ్యాక కథ చెప్పినావిడ ఆ అక్షింతలు అందరి తలలమీదా వెయ్యాలి. అంతవరకూ నోము పట్టినవాళ్ళు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా తెలుగు ఆడవాళ్ళు కథ వినడమనే మొదటి సగం వదిలేసి రెండో సగం మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

నేను అక్కడికి కాపురానికి వెళ్ళేనాటికి ఆ పద్ధతి బాగా స్థిరపడిపోయి ఉంది. మాఘమాసం ఆదివారాలు సూర్యుడి నోము. హెడ్ క్లర్కు గారింటి పెరట్లో, ఎండపొడ పడేచోట పిడకల దాలి మీద పరమాన్నం పొంగించేవారు. ఛేనా అంటారు పిడకల్ని అక్కడివాళ్ళు. గంప నెత్తిన పెట్టుకుని ఛేనా అమ్మేవాళ్ళు ముందురోజే వచ్చి పోసిపోయేవాళ్ళు. పరమాన్నం చిక్కుడాకుల్లో వడ్డించి సూర్యుడికి చూపించాక ఆడవాళ్ళందరూ వరండాలో చాపలమీద కూర్చునేవారు. పీట మీద హెడ్ క్లర్కు గారి భార్య. ఆవిడ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పెదవులు కదిపేది. కథ మాత్రం ఆవిడ వెనకాల తలుపు చాటునుంచి వినపడేది. ఆ గొంతు మా అత్తగారిది.

ఇదేం విడ్డూరం అని కొత్తలో నేను నోరు తెరిచాను. సంగతేమిటంటే, హెడ్ క్లర్కు గారి భార్యకి కథ రాదు. ఆవిడ బిలాస్‌పూర్ రైల్వే లైన్లలో పుట్టి పెరిగింది. వాళ్ళమ్మా అంతే. తెలుగు మాట్లాడతారు గానీ అందులో సగం హిందీయే. కథలు చెప్పే ముసలివాళ్ళందరూ ఎక్కడో వెనక ఊళ్ళల్లో ఉండిపోయారు. నోము మాత్రం పట్టాలి, ఎందుకంటే క్వార్టర్లలో పెద్దరికం ఆవిడది. మా అత్తగారు విజయనగరం వైపు మనిషి. వాళ్ళమ్మ దగ్గర విని విని నేర్చుకున్న కథ. ఎక్కడా అచ్చు కాలేదు, ఆవిడ నోట్లో తప్ప మరెక్కడా లేదు. కానీ ఆవిడ విధవరాలు. నోము పీట ఎక్కకూడదు, వరండాలో ముత్తయిదువల ఎదుట కూర్చోకూడదు. గొంతు పనికొస్తుంది, మొహం పనికిరాదు. అందుకని వంటింటి తలుపు వెనక, బొగ్గుల బుట్ట పక్కన చోటిచ్చారు. రైలుపెట్టెల్లో పుట్టి పెరిగిన మా జాతికి తప్ప ఇంకెవరికీ ఇంత తెలివి పుట్టదు.

అందులో అందరికన్నా ముందు కూర్చునేదాన్ని నేనే. కోడలిని కదా, కథ మధ్యలో "ఊ" కొట్టే పని నాది. ఎవరో ఒకరు ఊ కొట్టకపోతే కథ నడవదని అత్తగారి పట్టు. మిగతావాళ్ళు ఎవరి చీర ఎక్కడ కొన్నారో, ఎవరింటికి బదిలీ కాగితం వచ్చిందో గుసగుసలాడుకునేవారు. పీటమీది దొరసాని ఒక కన్ను తెరిచి ఎవరెవరు వచ్చారో చూసుకునేది. కథ ముగింపుకొచ్చేసరికి పక్కలైన్ల వాళ్ళు కూడా దిగబడేవారు. అప్పుడు వరండా నిండిపోయేది, అందరికీ ఒక్కసారి భక్తి పుట్టుకొచ్చేది. ఫలశ్రుతి అవగానే అక్షింతలు చల్లేది పీటమీది ఆవిడే. "అబ్బ, ఎంత బాగా చెప్పారండీ" అని వాళ్ళు ఆవిణ్ణే మెచ్చుకునేవారు. ఆవిడ సిగ్గుపడేది కూడాను. మా అత్తగారికి వెనక గుమ్మంలోంచి చిక్కుడాకులో ఇంత పరమాన్నం చేతికిచ్చేవారు. ఆవిడ దాన్ని చెంగుకింద పెట్టుకుని పెరటిదారిన ఇంటికొచ్చేది.

నేను ఇంట్లో గొడవ పెట్టుకునేదాన్ని. నీకు సిగ్గు లేదా, ఎందుకెళ్తావు అనేదాన్ని. కథ అందరిదీనే అని ఆవిడ నా నోరు మూయించేది. విన్నవాళ్ళకి ఎంతో చెప్పినవాళ్ళకీ అంతేనట, పైవాడికి తలుపు అడ్డం రాదట. నాకు పుణ్యంమీద అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఆవిడకి ఉండేది. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించడం ఎంత మామూలో, ఆ నమ్మకమూ ఆవిడకి అంత మామూలు.

ఒక మాఘంలో మా ఇంటిమీద పిడుగు పడింది. మా ఆయన ఇంజన్‌మీద ఫైర్‌మన్. బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపించే గాజుగొట్టం పగిలి, సలసల కాగే నీళ్ళూ ఆవిరీ ఆయన మొహాన కొట్టాయి. రైల్వే ఆస్పత్రిలో మందు పూసి, రెండు కళ్ళకీ కట్టు కట్టి ఇంటికి పంపించారు. వచ్చే వారం దాటాక సోమవారంనాడు కట్టు విప్పి చూస్తాం, అంతవరకూ ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. చూపు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వెనక్కి వెళ్ళి తలదాచుకోవడానికి ఊళ్ళో మాకు గోడ కూడా లేదు. ఆయన మంచంమీద పడుకుని, షెడ్డులో ఏ ఇంజను కూత వేసినా దాని నంబరు చెప్పేవాడు.

ఆ ఆదివారం నేను ఆయన్ని వదిలి కదల్లేదు. అత్తగారు మాత్రం వెళ్ళింది. వాళ్ళందరూ పస్తుంటారు, కథ పడకపోతే ఎలా అంది. వెళ్ళేటప్పుడు ఆవిడ మనసులో ఒక మాట పెట్టుకుని వెళ్ళిందని నాకు తరవాత తెలిసింది. ఆ కథ సూర్యుడిది. కళ్ళ సంగతి దాని ఫలశ్రుతిలో ఉంది. కథ విన్న అక్షింతలు ఒక చిటికెడు తెచ్చి కొడుకు తలమీద వెయ్యాలని ఆవిడ ఆశ. అన్నేళ్ళుగా చెప్పిన కథకి ఆవిడ అడిగింది అదొక్కటే.

ఫలశ్రుతి అయ్యాక తలుపు సందులోంచి చెయ్యి చాపి అడిగిందట. హెడ్ క్లర్కు గారి భార్య ఇవ్వలేదు. నోము అక్షింతలు విధవ చేతిలో పెడితే నోము ఖరాబ్ అయిపోతుందట, ఇంతమంది ముత్తయిదువల పసుపుకుంకాల సంగతట. అక్కడితో ఊరుకోలేదు. కొడుక్కి అట్లా జరిగింది కూడా ఏ పాపం వల్లనో చూసుకోమని చెప్పి, పరమాన్నం ఆకు చేతిలో పెట్టిందట. ఇదంతా నాకు అత్తగారు చెప్పలేదు. పక్కింటావిడ వచ్చి చెప్పింది, అదీ నవ్వుకుంటూ.

నేను ఆ ఆకు తీసుకెళ్ళి బయట ఆవు ముందు పడేశాను. మా ఆయన మంచంమీదనుంచి ఏమైంది ఏమైంది అని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకి చెప్పలేదు. అత్తగారితో మాత్రం అన్నాను, వచ్చే ఆదివారం నువ్వా గుమ్మం తొక్కితే నా మీద ఒట్టే అని. ఆవిడ పొయ్యిదగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉండిపోయింది. అది చూస్తే నాకు వాళ్ళమీద ఉన్న కోపంలో సగం ఆవిడమీదకి మళ్ళింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. మాఘానికి అదే చివరిది, మర్నాడే కట్టు విప్పేది. పొద్దున్నే ఎండ పెరట్లో పడుతుంటే అత్తగారు స్నానంచేసి, తడిచీరతో, మంచం బయట వెయ్యమంది. ఆయన్ని పట్టుకుని తీసుకొచ్చి నులకమంచం మీద ఎండకెదురుగా కూర్చోబెట్టాం. అత్తగారు బియ్యంలో పసుపు కలిపి నా గుప్పిట్లో పోసింది.

"ఒలే, మద్దిలో మాటాడకు. ఊఁ కొట్టు, అంతే."

అలా చెప్పి కథ మొదలుపెట్టింది. ఆవిడ కథ చెప్తుంటే మొహం చూడ్డం నాకదే మొదటిసారి. ఇన్నాళ్ళూ తలుపు చెప్పినట్టే విన్నాను. ఇంట్లో దీపం ఆరిపోయిన ఒక కుమ్మరి ఇల్లాలు, కథ చెప్తాను వినండమ్మా అని ఊరంతా తిరుగుతుంది. నీళ్ళకి వెళ్ళేవాళ్ళు తీరిక లేదంటారు, సంతకి వెళ్ళేవాళ్ళు తీరిక లేదంటారు. ఆ చోటుకి వచ్చేసరికి అత్తగారి కళ్ళు పెద్దవయ్యాయి, చేతులు తిరిగాయి. నేను ఊ కొడుతున్నాను. మా ఆయన కూడా కట్టుకింద నుంచి ఊ కొడుతున్నాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నాడో, అమ్మ ఆగినచోటల్లా ఆయన ఊ తయారుగా ఉంది. ఫలశ్రుతికి వచ్చేసరికి ఆవిడ లేచి కొడుకు తలమీద చెయ్యి పెట్టింది. ఒక్కొక్క మాట ఆపి ఆపి చెప్పింది. ఇదివరకెన్నడూ అలా చెప్పలేదు. నా గుప్పిట్లోవి తీసుకుని ఆయన తలమీద వేసింది. విధవ చేత్తోనే వేసింది. నా చేతిలో నాలుగు గింజలు మిగిలాయి. నేను వాటిని ఆవిడ నెత్తిన వేశాను. ఒద్దే, ఒద్దే అని తల పక్కకి తిప్పుకుంది గానీ అప్పటికే పడ్డాయి. దులుపుకోలేదు.

ఆపైన అసలు తమాషా మొదలైంది. పొద్దెక్కింది, హెడ్ క్లర్కు గారింటి వరండాలో ఆడవాళ్ళు చేరారు, పరమాన్నం పొంగింది, చల్లారింది. తలుపు వెనక గొంతు లేదు. ముందు ఎవరినో పంపించారు. ఆవిడకి ఒంట్లో బాగాలేదన్నాను. మరొకరు వచ్చారు. అస్సలు బాగాలేదన్నాను. మా గుమ్మంలోంచి చూస్తే ఆ వరండా కనబడుతూనే ఉంది. అక్షింతల గుప్పిళ్ళు మూసుకుని, ఆకలికి మొహాలు వాడిపోయి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. పిల్లలకి మజ్జిగన్నం పెట్టొచ్చు గానీ వాళ్ళు తినకూడదు. అబద్ధం చెప్పడం దేనికి, నాకు చాలా బాగుంది. నేను గుమ్మంలో నిలబడి, వాళ్ళకి కనపడేలా, ఇంత అన్నం కలుపుకుని తిన్నాను.

మధ్యాహ్నం దాటాక హెడ్ క్లర్కు గారి భార్యే వచ్చింది. మా గుమ్మంలోకి ఆవిడ రావడం అదే మొదలు. ఎప్పుడూ మా అత్తగార్ని వరస పెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఆ రోజు నోటినిండా పిన్నిగారూ అంది.

"పిన్నిగారూ, అందరూ భూకీ ఉన్నారండీ. జల్దీ ఒకసారి వచ్చి పొండి."

మీ పిన్నిగారు పోయిన వారం చేసిన పాపానికి ఈ వారం ఇంట్లో కూర్చున్నారు, ఇప్పుడొస్తే మీ నోము ఖరాబవదూ అన్నాను నేను. ఆవిడ మొహం మాడిపోయింది. ఇంకో రెండు మాటలు తయారుగా పెట్టుకున్నాను. ఈలోపల వెనకనుంచి మా అత్తగారు చెంగు బొడ్లో దోపుకుంటూ బయటికొచ్చింది.

"పస్తున్నారు కదే. పదమ్మా, వస్తాను" అంది.

నాకు అక్కడే పడి పొర్లి ఏడవాలనిపించింది. ఇంత రోషం లేని మనిషి ఎక్కడైనా ఉంటుందా అని పళ్ళు కొరుక్కుంటూ ఆవిడ వెనకాలే నడిచాను. ముందు చాపమీద కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్ళి అత్తగారి పక్కన, బొగ్గుబుట్ట దగ్గర నిలబడ్డాను. ఈసారి ఊ కొట్టనని తీర్మానించుకున్నాను. ఆవిడ అదేం పట్టించుకోలేదు. తలుపుకి ఆనుకుని కూర్చుని కథ మొదలుపెట్టింది. తలుపు సందులోంచి వాలుగా చూస్తే పీటమీద పెదవులు కదులుతున్నాయి. కుమ్మరి ఇల్లాలు ఊరంతా తిరిగింది, ఎవరికీ తీరిక లేదు. వరండాలో ఎవరో గాజుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆకలేసినా గాజులే. ఇల్లాలికి చివరికి వినేవాళ్ళు దొరికారు, ఇంట్లో దీపం వెలిగింది. అప్పటికి పక్కలైన్ల వాళ్ళు దిగబడ్డారు, చాపలు చాలక గుమ్మందాకా నిలబడ్డారు. గాజుల మాటలు ఆగిపోయాయి. అందరూ గుప్పిళ్ళు ముందుకి చాపారు.

మా అత్తగారు ఆగింది. మోకాలిమీద చెయ్యి వేసుకుని లేచింది. చీరకంటిన బొగ్గుపొడి దులుపుకుంది. పీటమీది పెదవులు ఇంకా కాసేపు కదిలాయి, గొంతు రాకపోయేసరికి అవీ ఆగాయి.

"ఫలశ్రుతి, పిన్నిగారూ" అంది హెడ్ క్లర్కు గారి భార్య, వెనక్కి తిరక్కుండా, మెల్లిగా.

అత్తగారు తలుపు తీసింది. ముత్తయిదువలందరి ఎదుటా గుమ్మంలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఆకలితో ఉన్నారని కత సెప్పినానమ్మా. పలం పొద్దున్నే నా కొడుకు తలమీద పెట్టీసినాను. ఇంక నా కాడ నేదు."

పెరటిదారి వెనక్కే ఉంది. ఆవిడ అటు వెళ్ళలేదు. వరండాలోంచే, చాపల మధ్యనుంచి నడుచుకుంటూ వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు అందరూ.

ఇంక అప్పుడు చూడాలి. ఎన్నేళ్ళుగానో దానికోసమే వేళ చూసుకుని వచ్చినవాళ్ళు, అందులో మొదటి మాట ఏమిటో ఒక్కరికీ రాదు. ఏదో కళ్ళ గురించి కదా అంది ఒకావిడ. కాదు, సంతానం అంది ఇంకొకావిడ. పీటమీది ఆవిడ ఏదో గొణిగింది, అది ఏ భాషో నాకిప్పటికీ తెలీదు. చేతుల్లో అక్షింతలు చెమటకి తడిసి అంటుకుపోయాయి. తలమీద వెయ్యడానికి లేదు, కింద పారెయ్యడానికి భయం. చివరికి అందరి చూపులూ వంటింటి గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగాయి. నేను ముత్తయిదువని, ముందు కూర్చుని ఊ కొట్టినదాన్ని. నీకొచ్చు కదమ్మా, నువ్వు చెప్పు, పీటమీద కూర్చుని చెప్పు అన్నారు. హెడ్ క్లర్కు గారి భార్య లేచి పీట ఖాళీ చేసింది కూడా. ఆ రోజు ఆవిడ ఆకలి అంతటిది.

నాకు రాదు అన్నాను. ఇంటికి వచ్చేశాను.

సోమవారం కట్టు విప్పారు. కుడికన్ను చూపు నిలిచింది. ఎడమకంటికి మసక మిగిలింది, అది ఎప్పటికీ పోలేదు. ఇంజన్ ఎక్కనివ్వలేదు గానీ నీళ్ళ పంపుదగ్గర పనిలో పెట్టారు, క్వార్టరు దక్కింది. నా మట్టుకు అది డాక్టరు పూసిన మందు. అత్తగారి మట్టుకు సూర్యనారాయణమూర్తి. హెడ్ క్లర్కు గారి భార్య మాత్రం, నోముని నడివీధిలో వదిలేస్తే ఒక్క కన్నే దక్కుతుంది మరి అని లైన్లన్నీ తిరిగి చెప్పింది. ఆ మాట మా అత్తగారి చెవిన పడింది. కొడుకు పంపుదగ్గరికి వెళ్తుంటే ఆ మసక కంటివైపే చూస్తూ చాలాసేపు గుమ్మంలో నిలబడింది. ఆ ఒక్క చూపుకి నేను ఆ హెడ్ క్లర్కు పెళ్ళాన్ని ఏ జన్మకీ క్షమించను.

తరవాత మాఘాల్లో అత్తగారు మా పెరట్లోనే చెప్పుకుంది. నేను ఊ కొట్టాను. వాళ్ళు వరండాలో ఏదో హిందీ భజన పాడుకుని అక్షింతలు వేసుకునేవారట. అత్తగారు పోయాక మొదటి మాఘంలో వాళ్ళే నా దగ్గరికి వచ్చారు. పెద్దావిడతో పోకూడదమ్మా, మంచి కథ, నువ్వైనా చెప్పాలి, కనీసం ఆ చివరి ముక్క చెప్పినా చాలు అన్నారు. చివరి ముక్కే. అప్పటికీ వాళ్ళకి కావలసింది అదే.

నాకు అది మొదటి మాటనుంచి చివరి మాటదాకా వచ్చు. కట్టు కట్టిన తలమీద చెయ్యి పెట్టి ఆవిడ ఆపి ఆపి చెప్పినట్టుగానే వచ్చు. వాళ్ళకి చెప్పలేదు. ఇదంతా చదువుతూ, చివర్లో అదైనా ఉంటుందని ఇక్కడిదాకా వచ్చినవాళ్ళకీ చెప్పను.